కాజా: చిన్న పని, పెద్ద ఆసరా
(కుట్టు శిక్షణ పూర్తి చేసిన వారికి సర్టిఫికెట్లు ఇచ్చిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ ముగించిన అమ్మాయిలనుద్దేశించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను ఉర్దూ బడిలో పంతులును కనుక "విద్య ప్రాముఖ్యత" మీద మాట్లాడతాననుకుని ఉంటారు. ఆ విషయం మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మీరు ఓపికగా వింటూనే ఉన్నారు. ఈసారి అర అంగుళం పొడవుండే ఒక వస్తువును గురించి మాట్లాడదలచాను. అదే కాజా.

కాజా అనగానే వెనక కూర్చున్న పిల్లలకు నోరూరినట్టుంది. బాబూ, అది తాపేశ్వరం కాజా. నేను చెప్పేది చొక్కా కాజా. దీన్ని తినలేం గాని, దీని వల్ల ఇంట్లో నలుగురూ తినవచ్చు. అది ఎలాగో మనవి చేస్తాను.

ముందు ఈ మాట సంగతి చూడండి. ఉర్దూలో మనం "కాజ్" అంటాం, తెలుగులో "కాజా" అంటారు. రెండూ పోర్చుగీసు వారి "కాజా" అనే మాట నుంచి వచ్చినవే. వారి భాషలో ఆ మాటకు ఇల్లు అని అర్థం. బొత్తాం కూడా వారి మాటే. ఓడల మీద మన దేశపు రేవులకు వచ్చిన వర్తకులు తమ దేశం వెళ్ళిపోయారు. బొత్తామూ, బొత్తాం ఉండే ఇల్లూ మన చొక్కాల మీద మిగిలిపోయాయి. ఇల్లు వదులైతే మనిషి నిలవడు, ఇరుకైతే మనిషి పట్టడు. బొత్తాం సంగతీ అంతే.

ఇక అసలు విషయం. మన శిక్షణ తరగతుల్లో ఆరు నెలలు నేర్పుతున్నాం. జాకెట్టు వచ్చింది, లంగా వచ్చింది, చుడీదారు వచ్చింది, పిల్లల గౌన్లు వచ్చాయి. బాగుంది. కాని చొక్కా దగ్గరికి వచ్చేసరికి ఏమవుతోంది? కాలరు కుడుతున్నారు, చేతులు ఎక్కిస్తున్నారు, జేబు వేస్తున్నారు. కాజాల దగ్గర ఆగిపోయి, ఆ చొక్కాను సంచీలో పెట్టుకుని బజారులో కాజా మిషన్ ఉన్న కొట్టుకు పంపుతున్నారు. ఏనుగు వెళ్ళింది, తోక చిక్కింది అన్నట్టుంది వ్యవహారం. కాజా లేని చొక్కా ఎంత బాగా కుట్టినా చొక్కా కాదు. తొడుక్కోలేం, అమ్మలేం, డబ్బు అడగలేం.

నేను పంతులును కనుక లెక్క చెప్పకుండా ఉండలేను. బడిపిల్లవాడి పొట్టి చేతుల చొక్కాకు ముందు పట్టీ మీద 6 కాజాలు, కాలరు దగ్గర ఒకటి, మొత్తం 7 అనుకుందాం. మన రాష్ట్రంలో 2020లో విద్యా కానుక పేరుతోనూ, 2025లో విద్యార్థి మిత్ర పేరుతోనూ సర్కారు బడుల పిల్లలకు ఇచ్చిన కిట్లలో యూనిఫాం గుడ్డ ఉంది. ఒక్కొక్కరికి 3 జతలు. అంటే ఒక్క పిల్లవాడికి 21 కాజాలు. 40 మంది మగపిల్లలున్న తరగతికి 840 కాజాలు. లెక్క కోసం కాజాకు ఒక్క రూపాయి వేసుకోండి. ఒక్క తరగతిలోనే 840 రూపాయలు కుట్టిన మనిషి చేతి నుంచి జారిపోతున్నాయి. పైగా ఆటో ఖర్చు, రెండుసార్లు తిరుగుడు, "రేపు రండి" అనిపించుకోవడం. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలే రోజులూ, బడులు తెరిచే రోజులూ దగ్గర దగ్గరగా వస్తాయి. ఆ పది పదిహేను రోజుల్లో కాజా కొట్టు ముందు ఎంత రద్దీ ఉంటుందో మీకు తెలియంది కాదు.

డబ్బు కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. చివరి పని ఎవరి చేతిలో ఉంటే బేరం వారి చేతిలో ఉంటుంది. చొక్కా మొత్తం కుట్టగలిగిన ఆడమనిషి ఆర్డరు తీసుకోగలదు. కాజా రాని మనిషి ఎవరో తెచ్చిన ముక్కలు కుట్టి, ఎవరో ఇచ్చిన కూలి తీసుకోవలసిందే. మన ఇళ్ళల్లో ఇది కొత్త కాదు. వన్‌టౌన్‌లోనూ, వించిపేటలోనూ ఎందరో తల్లులు దర్జీ కొట్ల నుంచి జాకెట్లు తెచ్చుకుని హుక్కులు, కాజాలు కుట్టి పిల్లల్ని చదివించారు. మా అమ్మ కూడా ఆ పని చేసింది. వంట అయ్యాక గుమ్మంలో వెలుతురున్నంత సేపు సూది వదిలేది కాదు. అలవాటైన చేతికి కూడా చొక్కా కాజా ఒకటి శుభ్రంగా రావడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. కళ్ళు పోతాయి, మెడ పట్టేస్తుంది, కూలి మాత్రం కాజాకింత అని పైసల్లోనే. ఆ తల్లుల పనితనానికి వంక లేదు. వారి చేతికి సరైన పనిముట్టు అందలేదు, అంతే.

"మిషన్ వస్తే చేతిపని వాళ్ళ గతేమిటి?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ ప్రశ్న దాదాపు రెండు వందల ఏళ్ళనాటిది. ఫ్రాన్సు దేశంలో తిమోనియే అనే దర్జీ 1830లో కుట్టు మిషన్‌కు పేటెంటు తీసుకుని, సైన్యానికి దుస్తులు కుట్టే కార్ఖానా పెట్టాడు. తమ కూడు పోతుందని భయపడిన పారిస్ దర్జీలు 1831లో ఆ మిషన్లను విరగ్గొట్టారు. ఆయన చివరికి పేదరికంలోనే పోయాడు. కాని మిషన్ ఆగలేదు. 1851లో అమెరికాలో సింగర్ పేటెంటు పొందాడు. 1881లో అదే దేశంలో జాన్ రీస్ అనే ఆయన కాజా మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1930వ దశకంలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది.

మన ఊరి సంగతి కూడా వినండి. 1921లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం ఇదే బెజవాడలో జరిగింది. దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిరగాలని ఆ సమావేశం తీర్మానించింది. అలాంటి రాట్నాన్ని నెత్తిన పెట్టుకున్న గాంధీజీయే, యంత్రాల మీద అంత విముఖత ఉన్న మనిషే, 1924లో కుట్టు మిషన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మనిషి చేతిని పనికిరాకుండా చేసే యంత్రం వేరు, మనిషి చేతి బరువు తగ్గించే యంత్రం వేరు అన్నది ఆయన భావం. కాజా మిషన్ బజారులో ఇంకొకరి కొట్టులో ఉన్నంత కాలం అది మొదటి రకం. మన అమ్మాయి చేతి కింద ఉంటే రెండో రకం. మిషన్ ఒకటే. అది ఎవరి దగ్గర ఉందన్నదే తేడా.

ఇప్పుడు పని సంగతికి వస్తాను. తెలిసిన వారు మన్నించాలి, తెలియని వారు కాగితం మీద రాసుకోవాలి.

కాజా అంటే గుడ్డలో ఒక చీలిక. చీలికకు అటూ ఇటూ దారంతో దట్టంగా కుట్టిన రెండు గట్లు. రెండు చివర్లా చీలిక ముందుకు చినగకుండా ఆపే రెండు అడ్డకుట్లు. చేత్తో కుట్టేటప్పుడు ముందు కోసి తర్వాత కుడతాం. మిషన్ మీద ముందు కుట్టి తర్వాత కోస్తాం. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం పని వచ్చినట్టే.

మన ఇళ్ళల్లో ఉండే నల్లటి తొక్కుడు మిషన్‌లో సూది కిందికీ పైకీ తప్ప పక్కకు కదలదు. అందుచేత అది ఉన్నది ఉన్నట్టుగా కాజా కుట్టలేదు. దీనికి మూడు దారులున్నాయి. మొదటిది కాజా అటాచ్‌మెంటు. పాదం విప్పేసి దాని స్థానంలో దీన్ని బిగిస్తాం. దీని చేయి సూదిని పట్టి ఉంచే మర మీద కూర్చుంటుంది. సూది కదిలినప్పుడల్లా అది గుడ్డను అటూ ఇటూ జరుపుతుంది. అంటే సూది పక్కకు రాదు కనుక గుడ్డే పక్కకు వెళుతుంది. అప్పుడు కింద ఉండే పళ్ళు గుడ్డను లాగకుండా వాటి మీద రేకు కప్పాలి. ఒక చుట్టు పల్చగా వస్తే రెండో చుట్టు తిప్పండి, గట్టు నిండుగా వస్తుంది. రెండోది జిగ్‌జాగ్ మిషన్. ఇందులో సూదే పక్కలకు ఊగుతుంది. ఎడమ గట్టు, అడ్డకుట్టు, కుడి గట్టు, అడ్డకుట్టు, ఇలా నాలుగు అంచెల్లో పూర్తవుతుంది. గట్టుకు వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు, అడ్డకుట్టుకు 4 పెట్టుకోండి. కుట్టుకు కుట్టుకు మధ్య అర మిల్లీమీటరు కంటే తక్కువ ఉండాలి. మూడోది రెడీమేడ్ కార్ఖానాల్లో ఉండే పెద్ద కాజా మిషన్. అది కుట్టడం, కత్తితో కోయడం రెండూ తానే చేస్తుంది. ఒక కాజా కొన్ని సెకన్ల పని.

ఈ మూడూ లేని ఇల్లాలు ఏం చేయాలి? మామూలు మిషన్ మీదే గుర్తు చుట్టూ పొడుగాటి పెట్టెలాగా చిన్న కుట్లతో రెండు వరుసలు వేయాలి. తర్వాత మధ్యలో కోసి, అంచులు చేత్తో కుట్టుకోవాలి. మిషన్ కుట్టు లోపల కాపలా ఉంటుంది కనుక పోగులు ఊడవు, చేతికి సగం శ్రమ తగ్గుతుంది.

కొలత ముఖ్యం. బొత్తాల కొలత లైన్లలో చెబుతారు. 40 లైన్లు ఒక అంగుళం. చొక్కాకు వాడే 18 లైన్ల బొత్తాం అంటే 18ని 40తో భాగించండి, 0.45 అంగుళం. అంటే పదకొండున్నర మిల్లీమీటర్లు. దానికి బొత్తాం మందం కలిపితే కాజా పొడవు వస్తుంది. మందం 3 మిల్లీమీటర్లయితే కాజా పద్నాలుగున్నర. ఈ లెక్క వద్దనుకునే వారికి సులువైన ఉపాయం ఉంది. సన్నని కాగితం పట్టీని బొత్తాం చుట్టూ తిప్పి, రెండు కొసలు కలిసిన చోట గిల్లి గుర్తు పెట్టండి. పట్టీ విప్పి ఆ పొడవును సగానికి మడవండి. అదే కాజా పొడవు.

తర్వాత చోటు. మగవారి చొక్కాకు కాజాలు తొడుక్కున్న వారి ఎడమ వైపు, ఆడపిల్లల చొక్కాకు కుడి వైపు. యూనిఫాం కుట్టేటప్పుడు ఈ మాట గోడ మీద రాసి పెట్టుకోండి. ముందు పట్టీ మీద కాజాలు నిలువుగా, కాలరు పట్టీ మీదా మణికట్టు దగ్గరా అడ్డంగా ఉండాలి. అడ్డం కాజాలో బొత్తాం చివరకు జరిగి ఆగుతుంది కనుక, బొత్తాం ఉండవలసిన గీత కంటే 3 మిల్లీమీటర్లు అంచు వైపుకు జరిపి మొదలు పెట్టాలి. ఛాతీ దగ్గర లాగుడు ఎక్కువ. అందువల్ల ముందు అక్కడి కాజా గుర్తు పెట్టి, మిగిలినవి దాని నుంచి పైకీ కిందికీ సమానంగా పంచుకోవాలి.

పట్టీ లోపల బక్రం గాని పేస్టింగు గాని లేకపోతే కాజా ముడుచుకుపోతుంది. మరీ పల్చటి గుడ్డయితే కింద కాగితం ముక్క పెట్టి కుట్టండి, అయ్యాక చింపేయండి. అచ్చు కాగితం వద్దు, సిరా తెల్ల చొక్కాకు అంటుతుంది. మామూలు చొక్కా గుడ్డకు 14 నంబరు సూది, పల్చటి దానికి 11. సూది మొద్దుబారితే పోగులు లాగేస్తుంది, మార్చడానికి వెనుకాడకండి. గుడ్డ అడుగున ఉండాల్సిన ముడి పైకి కనిపిస్తుంటే పై దారం బిగువు కొంచెం సడలించండి. రెండు గట్ల మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. లేకపోతే కోసేటప్పుడు కుట్టు తెగుతుంది. కోసే ముందు రెండు చివర్లా అడ్డకుట్టుకు లోపలి వైపున ఒక్కొక్క గుండుసూది గుచ్చండి. కొస నుంచి మధ్యకు కోయండి. బ్లేడు జారినా గుండుసూది దగ్గర ఆగిపోతుంది.

అన్నిటికంటే పెద్ద సూత్రం ఒకటుంది. చొక్కా మీద మొదటి కాజా కుట్టకూడదు. అదే గుడ్డ, అదే పేస్టింగు, అన్ని పొరలూ ఉన్న ముక్క మీద ముందు ఒకటి కుట్టి, కోసి, బొత్తాం దూర్చి చూడాలి. మిగతా కుట్టు ఎక్కడ చెడినా విప్పి మళ్ళీ కుట్టవచ్చు. కోసిన గుడ్డ మళ్ళీ అతకదు. శిక్షణలో ఒక్కొక్క అమ్మాయి ముక్కల మీద 100 కాజాలు కుట్టిన తర్వాతే చొక్కా ముట్టుకోవాలని నా అభిప్రాయం. మా బడిలో చేతిరాత కూడా అలాగే వస్తుంది. అలిఫ్ వందసార్లు రాయనిదే ఎవరికీ నిటారుగా నిలబడలేదు.

చేతి కాజా పోతుందని బెంగపడే వారికి ఒక మాట. షేర్వానీకి, మంచి కోటుకు చేతి కాజా అందమే వేరు. దానికి గిరాకీ ఉంది, మంచి ధర అడిగే హక్కూ ఉంది. బడి చొక్కాలకు మిషన్ కాజా, పెళ్ళి షేర్వానీకి చేతి కాజా, ఇలా పని పంచుకుందాం. మన ఖాలాలను, నానీలను పైసల కాజాల నుంచి తప్పించి, ఆ పనితనాన్ని అమ్మాయిలకు నేర్పే ఉస్తాదులుగా కూర్చోబెడదాం. ఇద్రీస్ అలైహిస్సలామ్ దర్జీ పని చేశారని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. అంతటి గౌరవం ఉన్న పనిని పైసల లెక్కన వదిలేయడం మనకు తగదు.

మిషన్ కాపాడుకోవడం గురించి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఇంటి నుంచి కుట్టుకునే వారికి మిషన్ మునిగితే రోజుకూలి మునిగినట్టే. నీటిలో నానిన మిషన్‌ను వెంటనే తిప్పకూడదు. బురద మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, కిరసనాయిలుతో తుప్పు వదిలించి, తర్వాత మిషన్ నూనె చుక్కలు చుక్కలుగా వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. మోటారును మాత్రం మెకానిక్కు చూపించందే కరెంటుకు తగిలించకండి. వరద లేని రోజుల్లోనూ మన డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ. పని అయ్యాక గుడ్డ కప్పడం, వారానికొకసారి నూనె వేయడం మరువవద్దు.

ఇక సొసైటీ పెద్దలకు మూడు విన్నపాలు. ఒకటి, శిక్షణలో కాజాను ఒక పాఠంగా చేర్చి దానికి పరీక్ష పెట్టండి. రెండు, ఒక జిగ్‌జాగ్ మిషనూ నాలుగు అటాచ్‌మెంట్లూ కొని కేంద్రంలో ఉంచండి. శిక్షణ అయినవారు వచ్చి తమ చొక్కాలకు తామే కాజాలు వేసుకుని వెళతారు. దారం ఖర్చు మాత్రం వారి దగ్గర తీసుకోండి. మూడు, కాగితాల పని మీరు చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో పెట్టిన 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 వరకు, 5 శాతం వడ్డీ మీద మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల అప్పు అందులో పెట్టారు. కుటుంబంలో ఒకరికే అవకాశం. కామన్ సర్వీస్ సెంటరుకు వెళ్ళి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కుని, ఫారం నింపడం చేతగాని తల్లులకు నింపిపెట్టండి. సాయంత్రం పూట ఆ పనికి నేనూ వచ్చి కూర్చుంటాను.

సర్టిఫికెట్ అందుకోబోయే అమ్మాయిలారా! ఆ కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకోండి, సంతోషమే. కాని బజారులో మీ సర్టిఫికెట్ ఎవరూ అడగరు. చొక్కా తిరగేసి కాజా చూస్తారు. గట్లు నిండుగా ఉన్నాయా, కొసలు గట్టిగా ఉన్నాయా, బొత్తాం ఒక్క వేలితో దూరుతుందా, నాలుగు ఉతుకుల తర్వాత కూడా పోగు లేవకుండా ఉందా అని చూస్తారు. అవి సరిగ్గా ఉంటే రెండో ఆర్డరు మీ గుమ్మం వెతుక్కుంటూ వస్తుంది.

వచ్చే జూన్ నాటికి మన పేటలో బడికి వెళ్ళే ప్రతి పిల్లవాడి చొక్కా కాజాలతో సహా మన అమ్మాయిల చేతుల మీదుగానే బయటికి రావాలని నా కోరిక.